పెద్దమ్మ ద్రాక్షరసం, నా రబ్బరు పొర

ఆ రోజుల్లో మొయినాబాద్ బస్సులో ఏ ఇంజనీరింగు కుర్రాణ్ని ఏం నేర్చుకుంటున్నావని అడిగినా 'జావా' అనే చెప్పేవాడు. సివిల్ వాడు, మెకానికల్ వాడు, అందరూ సాయంత్రానికి అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోచింగుల్లో తేలేవారు. కెమికల్‌లో ఎంటెక్ చేస్తున్న నేనూ అదే దారి పట్టాను. నా ప్రాజెక్టు పేరు చెబితే చుట్టాలు మాట మార్చేసేవారు గానీ, సంగతి సులువే. కరిగించిన సిలికోన్ రబ్బరులో కంటికి ఆనని నానో సిలికా పొడి కలిపి, గాజు పలక మీద పల్చటి పొరగా పోయాలి. ఆ పొరకు ఒక పక్క పులిసిన రసం ఉంచి, రెండో పక్క గాలి లాగేస్తే, ఆల్కహాల్ ఆవిరై పొర దాటి వస్తుంది, రసం ఇవతలే ఉండిపోతుంది. కీలకమంతా స్టిర్రర్ మిషను పక్కనే ఉండి కలపడంలోనే ఉంది. సరిగ్గా కలపకపోతే పొడి ఉండలు కట్టి, వాటి చుట్టూ సందులు మిగులుతాయి. అందుకే మా గైడు ఎప్పుడు కనబడినా "ఇంకా కలుపు" అనేవారు. (మేం ఆయనకు పెట్టుకున్న పేరు కలుపుడు సార్.)

నేను చేవెళ్లలో పెద్దమ్మ, పెద్దబాపుల ఇంట్లో ఉండేవాణ్ని. ఆ ఏడు చర్చిలో ఆదివారం ప్రభు భోజనానికి పులియని ద్రాక్షరసం చేసే పనిని పాస్టరుగారు మొదటిసారి ఆమెకు అప్పగించారు. ఆ సంబరంలో ఆమె వారం ముందే పళ్లు పిండి, చక్కెర వేసి, స్టీలు క్యానులో మూత బిగించింది. శుక్రవారం రసం పులిసి పొంగి, ఆ మూత ఎగిరి అటక మీద పడింది. ఇల్లంతా మందు వాసన.

"ఎట్ల బిడ్డా? చర్చిల అందరికీ నా చేత్తోని మందు పోయాల్నా? మల్ల నాకు ఈ పని ఎవరిస్తరు?" అంది పెద్దమ్మ, కళ్లల్లో నీళ్లతో.

"కొత్త పండ్లు తెస్త తియ్" అన్నాడు పెద్దబాపు.

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా. రసంల కెళ్లి మందు తీసుడే నా పని" అన్నాను, దర్జాగా.

మర్నాడు క్యాను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే కండక్టరు వాసన పట్టి, "పొద్దుగాల్నే షురూ చేసినవా తమ్మీ?" అన్నాడు. "చర్చికి, అన్నా" అన్నాను. ఆయన గబగబా టికెట్టు చింపి ఇచ్చాడు.

ల్యాబులో పొర బిగించి పంపు వేశాను. అవతలి సీసాలోకి తేటగా రావలసిన బొట్టు ఎర్రగా వచ్చింది. చూస్తుండగానే రసమంతా, మందుతో సహా, అటు దిగిపోయింది. కలుపుడు సార్ వచ్చి పొరను వెలుతురుకు పట్టి చూశారు.

"ఇది కలిపిన సాయంత్రం స్టిర్రర్ బందై ఉన్నది. నువ్వు యాడ ఉన్నవ్?"

"అమీర్‌పేటల సార్."

"జావా వచ్చిందా?"

"రాలే సార్."

"ఇది కూడ రాలే" అని ఆయన వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి పెద్దమ్మతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ల్యాబుల కష్టపడుతున్నవనుకొని రోజూ నీకు అన్నం మూతేసి పెట్టిన గద బిడ్డా" అంది, అంతే. తిట్టినా బాగుండేది.

పెద్దబాపు స్కూటరు తీశాడు. చిన్న మంగళారం దగ్గర తోటలో పళ్లు దొరికాయి. ముగ్గురం వంటింట్లో కూర్చుని పల్చటి గుడ్డలో వేసి పిండాం. పెద్దమ్మ గుడ్డను దీపానికి ఎదురుగా పట్టి, "నా పొర నిండ సందులే. అయినా పని చేస్తున్నది చూడు" అంది. పెద్దబాపు నవ్వు ఆపుకోలేక రసం ఒలకబోసి చీవాట్లు తిన్నాడు. ఆదివారం చిన్న గ్లాసులు అందరికీ సరిపోయాయి. ఇక ఆ పని పెద్దమ్మ చేయి దాటలేదు.

తర్వాత పొర మళ్లీ చేశాను, పక్కనే కూర్చుని కలిపాను. జావా కూడా ఎలాగో వచ్చింది, దాంతోనే బతుకుతున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఉప్మా నా వంతు. రవ్వ పోశాక ఫోను మోగినా గరిటె వదలను. "ఇగ చాలు, దించు" అంటుంది మా ఆవిడ. ఒక్క ఉండ కూడా లేదని నాకూ తెలుసు. అయినా మూతేసి పెట్టిన ఆ అన్నం గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుంటూ ఇంకాసేపు కలుపుతాను.