నా వీపు మీద పెద్దబాపు, ఆయన భుజాన తుపాకి

ఆ రోజుల్లో పొద్దున లేవగానే మా ఊళ్ళో ఒకరినొకరు అడిగే మొదటి మాట "తిన్నవా?" కాదు, "ఇయ్యాల బస్సులున్నయా?" అని. ఒకరోజు బందు, ఒకరోజు రాస్తారోకో, ఇంకోరోజు రైలు రోకో. ఏదీ లేని రోజున రేపటి బందు తల్చుకుని ఇవాళే అలిసిపోయేవాళ్ళం. తెలంగాణ రావాలని నాకూ ఉండేది, ఎవరికి లేదు చెప్పండి? కానీ ఉద్యమం అనగానే అందరికీ నినాదాలు గుర్తొస్తే, నాకు మాత్రం నడిచిన నడకలు గుర్తొస్తాయి. (ఆనాటి ముచ్చట్లు చెప్పమని ఎవరైనా అడిగితే నోటికంటే ముందు నా చెయ్యి నడుము మీదికి పోతుంది.)

మాది రఘునాథపల్లి దగ్గర చిన్న ఊరు. మా నాయినకు అన్న, అంటే నా పెద్దబాపుకు, ఒంటి గొట్టం తుపాకి ఒకటి ఉండేది, లైసెన్సుతో సహా. మక్కచేలో అడవిపందులు పడుతున్నాయని అర్జీ పెట్టుకుని, జనగామకూ వరంగల్లుకూ చెప్పులరిగేలా తిరిగి సంపాదించాడు. తీరా వచ్చాక తెలిసింది, అది ఉండడానికే గానీ పేల్చడానికి కాదని. పందిని కొడితే అటవీశాఖ వాళ్ళ కేసు. పెళ్ళిలో సంబరానికి పేలిస్తే పోలీసు కేసు. జాతరకు భుజాన వేసుకుపోతే అదీ కేసే. పాపం పెద్దబాపు, ఆదివారం ఆదివారం దాన్ని అరుగు మీద పెట్టుకుని కొబ్బరినూనెతో తుడిచేవాడు. పందులను మాత్రం పెద్దమ్మే రేకు డబ్బా కొట్టి వెళ్ళగొట్టేది. "పదిమందిల ఒక్కపారి పేల్వాలె రా, గంతే, ఇంకేం కోరిక లేదు నాకు" అని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. మామూలుగా అయితే అయిదేళ్ళకోసారి వచ్చే బాధ. కానీ అవి రాజీనామాల రోజులు. నాయకులు తెలంగాణ కోసం రాజీనామా చేసేవారు, ఉప ఎన్నిక వచ్చేది, పెద్దబాపు తుపాకి ఠాణాకు పోయేది. ఇంటికి తెచ్చుకుని నూనె రాసేలోపల మళ్ళీ ఎవరో ఒకరు రాజీనామా చేసేవారు. ఆయనకు తిరిగి తిరిగి మోకాళ్ళు పోయాయి. "పదవి ఆళ్ళు ఇడిసిపెడుతుండ్రు, తుపాకి నేను ఇడిసిపెడుతున్న" అని గొణుక్కునేవాడు.

అలా వచ్చిన ఒక ఉప ఎన్నికప్పుడు పెద్దబాపు ఆఖరు రోజు దాకా మోకాళ్ళ నొప్పితో మంచం దిగలేదు. ఆ సాయంత్రంలోగా అప్పజెప్పకపోతే లైసెన్సు రద్దు. ఆ రోజే బందు. రఘునాథపల్లి ఠాణా దాకా సైకిల్ మీద దింపిరమ్మని పెద్దమ్మ నన్ను పట్టుకుంది. అప్పటికి నేను కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికై, నా మీద కేసులేమైనా ఉన్నాయా అని పోలీసులు చేసే విచారణ కోసం ఎదురుచూస్తున్నాను. రాస్తారోకోలో కూర్చుని కేసులపాలైన దోస్తులు కోర్టుల చుట్టూ తిరుగుతుంటే కళ్ళారా చూస్తున్న వాణ్ణి. రోడ్డు మీద గట్టిగా తుమ్మాలన్నా భయపడే కాలం నాది.

అయినా బయల్దేరాం. బయట తీసుకుపోయేటప్పుడు తుపాకిలో గుండు ఉండకూడదు, పైన కప్పు ఉండాలి అని ఠాణాలో జమేదారు, అంటే హెడ్ కానిస్టేబుల్, చెప్పాడు కాబట్టి పెద్దబాపు గుండ్లు తీసి నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకున్నాడు. తుపాకిని పెద్దమ్మ పాత పూలచీరలో చుట్టాడు. ఎర్ర పూలచీర! పెద్దబాపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంటే, కొత్త పెళ్ళికూతురిని కాపురానికి దిగబెట్టబోతున్నట్టే ఉంది. సగం దూరం పోయామో లేదో సైకిల్ టైరు టప్పున పేలింది. ఇద్దరం ఒకేసారి తుపాకి వైపు చూశాం.

"నువ్వు దీన్ని పట్టు, నేను మెల్లగ నడుస్త" అన్నాడు పెద్దబాపు.

"నేను పట్ట! ఎవరి పేరు మీదుంటే ఆళ్ళే మోయాలె, ఇంకెవరు ముట్టినా కేసే అని జమేదారు చెప్పలేదా? నా నౌకరీ పోతది."

"కట్టె అనుకోరాదుర!"

"కోర్టుల గూడ కట్టె అనే చెప్పాల్నా?"

నాలుగడుగులు వేసి, మోకాలు పట్టుకుని కంకర మీద కూలబడ్డాడు. నాకేసి ఎగాదిగా చూసి, "మరి నన్ను ముట్టొచ్చా? నా మీద గూడ ఏమన్న చట్టముందా?" అన్నాడు.

లేదు. ఎంత ఆలోచించినా తుపాకిని మోయకూడదనే ఉంది గానీ, తుపాకిని మోసే మనిషిని మోయకూడదని నాకు తెలిసిన ఏ చట్టంలోనూ లేదు. సైకిల్‌ను రోడ్డు పక్క పొలంలో ఒక మోటారు కొట్టం దగ్గర పెట్టి, పెద్దబాపును వీపు మీద ఎక్కించుకున్నాను. ఆయన భుజాన పూలచీర కట్టుకున్న తుపాకి. మనిషి బక్కవాడే, కానీ బక్కవాళ్ళ ఎముకలకు బరువెక్కువని ఆ రోజే తెలిసింది. అడుగడుక్కీ గుండ్ల సంచి నా నడుములో గుచ్చుకునేది. పైనుంచి "జర పైలం, ఆ గుంత సూడు, ఊపకు" అని హుకుములొకటి. ఒళ్ళు మండిపోయింది నాకు.

రఘునాథపల్లి మొదట్లో నడిరోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. పొయ్యి మీద గంజులో అన్నం ఉడుకుతోంది, డప్పులు మోగుతున్నాయి, రోడ్డంతా జనం. మమ్మల్ని చూసి "జరుగుండ్రి, ముసలాయన్ను దవాఖానకు తీస్కపోతుండు" అని పాపం వాళ్ళే దారిచ్చారు. సగం దాటేశాం కూడా. అప్పుడు జారింది పూలచీర! గొట్టం బయటికొచ్చింది. డప్పులు ఆగిపోయాయి.

మైకు పట్టుకున్న అన్న ఒక్క క్షణం నోరు తెరిచి, వెంటనే "సూడుండ్రి! తెలంగాణ కోసం పాత తుపాకి గూడ రోడ్డెక్కింది! జై తెలంగాణ!" అని అరిచాడు. అంతే. పెద్దబాపును నా వీపు మీదినుంచి ఊడబెరికి ట్రాక్టరు మీద నిలబెట్టారు. మెడలో దండ పడింది. "పెద్దమనిషీ, మీదికి ఒక్క గుండు పేల్చు! ఢిల్లీదాక ఇనవడాలె!" అని ఒకటే గోల. రోడ్డు పక్కన బందోబస్తుకొచ్చిన జమేదారు అన్నం పళ్ళెం కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

జీవితమంతా ఆయన అడిగిన పదిమందీ వందలమందై వచ్చి ముందు నిలబడ్డారు. పెద్దబాపు కళ్ళు మెరుస్తున్నాయి. చెయ్యి సంచి మీదికి పోయింది. తీసుకొచ్చింది నేను, పేలితే ఆయనతో పాటు నా పేరూ రాస్తారు, పోలీసు వర్దీ అనేది ఇక కలలోనే. కింది నుంచే రెండు చేతులూ జోడించాను. ఆయన నన్ను చూశాడు. తర్వాత సంచి మీదినుంచి చెయ్యి తీసేశాడు.

"గుండ్లు లేవు బిడ్డా. ఉన్నా ఇది పేలది. దీన్ని సూసి పందులే నవ్వుతయి" అన్నాడు మైకులో.

జనం గొల్లుమన్నారు. "ఉత్త తుపాకేనా తాతా!" అని పిల్లలు ఎగిరారు. జమేదారు కూడా నవ్వి పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు. నేను నవ్వలేదు. ఆ గుండ్లు నా నడుమును ఎంత గుచ్చాయో నాకు తెలుసు. మమ్మల్ని కూర్చోబెట్టి పప్పన్నం పెట్టారు. పెద్దబాపు తల వంచుకుని తిన్నాడు. మళ్ళీ వీపు మీద ఎక్కించుకుని ఠాణాకు పోతుంటే ఒక్క హుకుం కూడా వెయ్యలేదు. గుంతల్లో కావాలనే గట్టిగా ఊపాను, అప్పటికీ తిట్టలేదు. నాకు ఏడుపొచ్చింది.

కేసుల్లేవని తేలింది, ఉద్యోగం వచ్చింది, తర్వాత తెలంగాణా వచ్చింది. ఆ సంబరాల రోజు నాకు జనగామ చౌరస్తాలో బందోబస్తు. (ఊరంతా చిందులేస్తుంటే, పొద్దుటినుంచి బూట్లలో కాళ్ళు ఉడికిపోతూ నిలబడ్డ దరిద్రం నాది.) చీకటి పడే వేళకు మా ఊరి గుంపుతో, చేతికర్ర ఊతంగా పెద్దబాపు వచ్చాడు. నెత్తినిండా గులాలు. చుట్టూ పటాకులు పేలుతుంటే ఎవరో కుర్రాడు, "తాతా, ఇయ్యాలన్న ఒక్క గుండు పేల్చకపోతివి!" అని ఎగతాళి చేశాడు.

పెద్దబాపు కర్ర ఎత్తి నన్ను చూపించాడు.

"అగో, నేను పేల్వని గుండు. టోపి పెట్టుకోని నిలవడ్డది సూడు."

డ్యూటీలో ఉన్నవాడు నవ్వకూడదు, ఏడవనూ కూడదు. టోపీ సర్దుకుంటున్నట్టు మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేను రెండూ చేశాను.