ఆ ఏడు విప్పని మడత

మా సండే స్కూల్ టీచరమ్మ చనిపోయారు. నెల కావస్తోంది. బోయిగూడలో నేను పనిచేసే జిరాక్స్ షాపులో ఎవరిదో ఆధార్ కార్డు కాపీ తీస్తుండగా, సంఘం వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాశారు. మావాళ్లు ఎవరు పోయినా అలాగే రాస్తారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆమె నిద్రపోయే మనిషి కాదు. మేమందరం కళ్లు తెరుచుకునే నిద్రపోయిన ఒక ఏడాది, మా సంఘం మొత్తంలో మెలకువగా ఉన్నది ఆమె ఒక్కరే. సమాధి దగ్గర ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆమెది గుంటూరు వైపు. రైల్వే వర్క్‌షాపులో పనిచేసే భర్త వెంట లాలాగూడ వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. పిల్లలు లేరు. అయ్యో అని ఎవరైనా జాలిపడితే, ఆదివారం పొద్దున వచ్చి ఎంతమంది ఉన్నారో చూసుకోమనేవారు. ఇన్నేళ్లు మా మధ్య ఉన్నా ఆమె మాట గుంటూరు పొలిమేర దాటలేదు. మేము ‘ఏంది’ అంటే ‘ఏమిటి’ అని దిద్దేవారు. మేము మళ్లీ ‘ఏంది’ అనేవాళ్లం.

మా షాపుకు కాపీలకు వచ్చే కరపత్రాలన్నీ నేను చదువుతాను. కార్మికులవి, ఆడవాళ్ల హక్కులవి, పిల్లల హక్కులవి, ఏదైనా సరే. చదివినవన్నీ సంచీలో వేసుకుని ఆమె వరండా మెట్లెక్కితే, “రావే. ఇవాళ ఎవరి మీద యుద్ధం?” అనేవారు. పూర్తిగా వినేవారు. వినడంలో ఆమెకు తొందర ఉండేది కాదు. చివర్లో మాత్రం ఒక మాట అనేవారు: “కోపం మంచిదేనే. దాన్ని నిలబెట్టి మాట్లాడించకు, కూర్చోబెట్టి మాట్లాడించు.”

క్రిస్మస్ నాటకానికి దేవదూతల తెల్ల గౌన్లు ఆమే కుట్టేవారు. వాటికి ఒక పద్ధతి ఉంది. ఒకసారి కుట్టిన గౌను ఆ పిల్లదే, పెద్దదై గొర్రెల కాపరి వేషానికి మారేదాకా. అందుకని బాగా పొడుగ్గా కుట్టి, కింది అంచును మడత మీద మడత పెట్టి టాకాలు వేసేవారు. ఏటా నవంబరులో ఆరాధన అయ్యాక, పిల్లల్ని వరండాలో స్టూలెక్కించి, పిన్నులు పంటి మధ్య పెట్టుకుని, ఒక్కొక్కరికి ఒక మడత విప్పేవారు. విప్పిన చోట పాత గీత మిగిలిపోతుంది. ఎంత ఇస్త్రీ చేసినా పోదు. మా పిల్లలకు ఆ గీతలంటే మహా గర్వం. గీతలు ఎక్కువున్న పిల్ల అంచు ఎత్తి చూపించుకుంటూ తిరిగేది.

ఇప్పుడు చెప్పబోయేది కొన్నేళ్ల కిందటి మాట. మా క్వాయర్‌లో ఒక అక్క పాడేది. ఆమె గొంతెత్తితే ఫ్యాన్ల చప్పుడు కూడా వినిపించేది కాదు. ఆమె తమ్ముడు తన భార్య చనిపోయాక కూతుర్ని ఆమె దగ్గర వదిలి దుబాయ్ వెళ్లాడు. మళ్లీ తిరిగి చూడలేదు. పాపకు అప్పుడు ఎనిమిదేళ్లుంటాయేమో. ఆ ఏడు వానల తర్వాత పాప చిక్కిపోవడం మొదలైంది. ఏం తిన్నావని ఎవరైనా అడిగితే “ఉపవాస ప్రార్థనల ఉన్న” అనేది. సండే స్కూల్లో ఇచ్చే బన్ను తీసుకునేది కానీ తినేది కాదు, జేబులో పెట్టుకునేది.

ఈ పొరపాటు మావాళ్లు మాత్రమే చేయగలరు. ఉపవాసం మాకు గొప్ప విషయం. చిన్నపిల్ల ఉపవాసం ఉంటోందంటే ఇంకా గొప్ప. ఒక ఆదివారం సంఘ పెద్ద ఆ పాపను ముందుకు పిలిచి, ఈ బిడ్డను చూసి పెద్దలు బుద్ధి తెచ్చుకోవాలన్నాడు. గుడి గుడంతా ‘ఆమెన్’ అన్నది. స్త్రీల సమాజం వాళ్లు చిన్న బైబిలు బహుమానం ఇచ్చారు. పాప రెండు చేతులతో దాన్ని పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా నిలబడింది.

ఆ నవంబరులో పాప స్టూలెక్కింది. టీచరమ్మ మడత విప్పారు. అంచు పాదాలు దాటి స్టూలు మీద పరుచుకుంది. టీచరమ్మ మళ్లీ మడిచి చూశారు. పోయిన ఏటి గీత ఎక్కడుందో అక్కడే సరిపోయింది. ఆమె చెయ్యి నెమ్మదిగా పైకి వెళ్లింది. పోయినసారి బిగుతని కుట్టు విప్పిన భుజాలే ఇప్పుడు జారిపోతున్నాయి. నోట్లోంచి పిన్నులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశారు.

“దిగమ్మా. నీది అయిపోయింది.”

“టీచరమ్మా, నాకీసారి గీత రాలేదా?”

“వస్తుందమ్మా. నేనే తొందరపడ్డాను.”

పిల్లలు వెళ్లాక నేను ఆగలేకపోయాను. “టీచరమ్మా, గిది ఉపవాసం కాదు, ఆకలి. పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, ఇప్పుడే ఫోన్ కొడ్త” అన్నాను.

“ఏమని? గౌను పొడుగైందనా?”

“అనుమానమొచ్చినా చాలు, చెప్పొచ్చు. కాగితంల రాసిన్రు.”

“కాగితం నిజమే చెప్పింది. కానీ రెండు వీధుల అవతల ఉన్న ఇల్లు. వెళ్లి చూడగలిగిన దాన్ని చూడకుండా చెప్పను. రేపు రా.”

మర్నాడు మధ్యాహ్నం పప్పన్నం క్యారేజీలో పెట్టుకుని బయల్దేరారు. దారిలో నాకు జాగ్రత్త చెప్పారు. “ఏం తిన్నావని అడగకే. అడిగితే అబద్ధం చెప్పించినట్టవుతుంది. పక్కన కూర్చుని తిను, అంతే.”

పక్కన కూర్చునే వీలే లేకపోయింది. తలుపుకు బయటి నుంచి తాళం. పాప కిటికీ దగ్గర నిలబడి ఉంది. మేము ఊచల్లోంచి గిన్నె అందిస్తే నిలబడే తిన్నది. సగం తిని మూత పెట్టింది.

“తినవే బంగారం” అన్నారు టీచరమ్మ.

“రాత్రికుంచుకుంట. అత్త అలిసిపోయొస్తది, వండదు.”

“బడికి?”

“వానలప్పటి నుంచి పోతలేను.”

కాలికి గుడ్డ చుట్టి ఉంది, నిన్న మేజోడు కింద కనబడలేదు. గుడ్డ చుట్టూ వాపు. కిటికీ గట్టు మీద, కాగితంలో చుట్టి, నిన్నటి బన్ను.

నేను ఫోన్ తీశాను. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని గడప మీద కూర్చున్నారు, నన్నూ కూర్చోబెట్టారు. 

“నాకు తుంటి విరిగినప్పుడు, నన్ను ఎత్తి బాత్రూముకు తీసుకెళ్లింది ఎవరో తెలుసా నీకు?”

తెలుసు. ఈ ఇంటి అక్కే. కన్నకూతురు కూడా అంత చేయదని అందరూ అనుకున్నారు.

“అయితే, ఇడిచిపెడ్తరా?”

“ఫోన్ చేస్తే మీ అక్క ఈ గడప మళ్లీ నన్ను తొక్కనివ్వదు. చేయకపోతే ఆ కిటికీ దగ్గరికి నేను రాలేను.” నా చెయ్యి వదిలి, “గడప పోతే పోనీలే” అన్నారు.

నేను నంబరు నొక్కబోతే ఆపారు. అక్క వచ్చాక, ఆమె ఎదురుగానే చేస్తారట. నాకు ఒళ్లు మండింది. పేరు చెప్పకుండా కూడా చెప్పొచ్చని, అట్లా చెప్పడం తప్పేమీ కాదని వాదించాను.

“ఆ వీలు ఉండాలే. చెబితే దెబ్బలు తినేవాళ్లుంటారు, వాళ్లకు కావాలి. నన్ను ఎవరు కొడతారు? నేను పేరు దాచుకుంటే మీ అక్క రేపటి నుంచి గుడిలో ప్రతి మొహం వంకా చూసి, ‘నువ్వా? నువ్వా?’ అనుకుంటుంది. అన్ని మొహాలెందుకు? ఒక్క మొహం చూడనీ.”

అక్క వచ్చేదాకా ఆ గడప మీదే ఉన్నారు, కిటికీలోంచి పాపతో కబుర్లు చెబుతూ. వర్క్‌షాపు సైరన్ మోగింది. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి పోయింది. పొద్దు గుంకుతుండగా అక్క వచ్చింది.

“ఏంది టీచరమ్మా, వాకిట్ల కూసున్నరు?”

“తాళం తియ్యమ్మా. లోపల మాట్లాడుకుందాం.”

లోపల కుర్చీలో కూర్చుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని, అందరికీ వినపడేట్టు చెప్పారు. “పిల్లల ఆఫీసుకు ఫోన్ చేస్తున్నాను. నీ వెనకాల చేయడం ఇష్టంలేక ఆగాను.”

అక్కకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గోడకు ఒరిగిపోయింది. “నన్ను మీరే కన్నట్టు పెంచిన్రు. గిట్ల చేస్తరా? నేనేమన్న కన్ననా దీన్ని? వాడు నా నెత్తిన పెట్టి పోయిండు. పొద్దుగాల పోతే చీకటికొస్త. నాకెవరున్నరు?”

“ఆ మాట కూడా చెబుతాను. నువ్వు ఒంటరిదానివని, నేను ముందే చూడాల్సిందని.”

“జైల్ల ఏస్తరు నన్ను.”

“వేస్తే గేటు దగ్గర నేను కూర్చుంటా. రోజూ వస్తా.”

ఫోన్‌లో తన పేరు చెప్పారు. ఇంటి గుర్తులు చెప్పారు. “ఈ అమ్మాయి నాకు కూతురులాంటిది. అయినా చెబుతున్నాను” అన్నారు. మాట తడబడలేదు. వాళ్లొచ్చేదాకా కదల్లేదు. బేసినులో గోరువెచ్చని నీళ్లు పోసి, పాప కాలి గుడ్డ తడిపి, మెల్లగా విప్పుతూ కూర్చున్నారు. అక్క గోడ వైపు తిరిగి నిలబడింది. నేను ఆ గదిలో ఉన్నాను. ఎన్ని కరపత్రాలు చదివినా ధైర్యమంటే గట్టిగా మాట్లాడటమనే అనుకున్నదాన్ని. ధైర్యం ఇంత మెల్లగా గుడ్డ విప్పుతుందని ఏ కాగితంలోనూ చదవలేదు.

ఎవరూ జైలుకు పోలేదు. రాంగోపాల్‌పేట్‌లో పాప అమ్మమ్మ ఉందని, ఆమెకు ఏ సంగతీ తెలియనివ్వలేదని విచారణలో బయటపడింది. పాప అక్కడికి వెళ్లింది, మళ్లీ బడికి వెళ్లింది. అక్కను పిల్లల సంక్షేమ కమిటీ ముందుకు పిలిచిన ప్రతిసారీ టీచరమ్మ కర్ర పట్టుకుని వెంట వెళ్లేవారు. బయట బెంచీకి ఒక చివర ఆమె, మరో చివర అక్క. అక్క ఒక్క మాట కూడా మాట్లాడేది కాదట. “మాట్లాడకపోతే ఏమైంది? బెంచీ ఒకటే కదా” అనేవారు.

సంఘం ఊరుకుంటుందా? ఇంటి గుట్టు వీధిలో పెట్టిందన్నారు. గుడిలో బెంచీ మీద ఆమె పక్కన కూర్చునేవాళ్లు వేరే చోటు చూసుకున్నారు. ఒక ఆదివారం మా పాస్టరు అయ్యగారు గుడి ఆవరణలోనే, “మనలో మనం తేల్చుకోవాల్సింది టీచరమ్మా” అన్నారు. నేను లేవబోతే నా చున్నీ పట్టి లాగారు. “కూర్చోవే” అని, ఆయన వైపు తిరిగారు.

“అయ్యగారూ, ఆ బిడ్డ ఆకలికి మనమందరం ఆమెన్ అన్నాం. అది వెనక్కి తీసుకోవద్దూ?”

 ఆ తర్వాత మా సండే స్కూల్లో బన్నులు ఆగిపోయాయి, అన్నం మొదలైంది. చాపల మీద అందరం కూర్చుని తినేవాళ్లం. మధ్యలో టీచరమ్మ. ఎవరు ఎలా తింటున్నారో చూస్తున్నట్టు కనబడకుండా చూసేవారు.

మరుసటేడు పాప అమ్మమ్మతో వచ్చి స్టూలెక్కితే, టీచరమ్మ ఒకేసారి రెండు మడతలు విప్పారు. విప్పి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

అక్క మాత్రం గుడికి రావడం మానేసింది. పాటా మానేసింది. ఆదివారం గుడికి వెళ్తూ టీచరమ్మ ఆమె వాకిలి ముందు కాసేపు ఆగేవారు. పిలిచేవారు కాదు, తలుపు తట్టేవారు కాదు. ఆగి, కర్ర సర్దుకుని, ముందుకు నడిచేవారు. తుంటి నొప్పికి ఆగుతున్నారని కొత్తవాళ్లు అనుకునేవారు.

సమాధి చేసిన రోజు అక్క వచ్చింది. లోపలికి రాలేదు. మేమందరం మట్టి వేసి, పాడి, బయటికొచ్చేదాకా శ్మశానం గేటు దగ్గర నేల మీద కూర్చుని ఉంది. ఆమె అక్కడే ఎందుకు కూర్చుందో అంతమందిలో నాకొక్కదానికే తెలుసు.

మొన్న ఆదివారం గౌన్ల పెట్టె నేను తెరిచాను. ఆ వరండాలోనే, ఆ స్టూలే. పిల్లలు వరస కట్టారు. నాకు కుట్టుపని రాదు. ఎంత జాగ్రత్తగా పట్టినా అంచు ఒక పక్కకు పోతోంది. పాప వంతు వచ్చింది. ఇప్పుడు నా భుజం దాటింది. చూస్తే మెట్ల మీద అక్క. ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియదు.

“గట్ల కాదు” అంది, నా వంక చూడకుండా. “పిన్నులిటియ్యి.”

పాప వంక చూశాను. పాప వద్దనలేదు, రమ్మనలేదు. గౌను కాస్త పైకెత్తి పట్టుకుంది. అక్క మోకాళ్ల మీద కూర్చుని, పిన్నులు పంటి మధ్య పెట్టుకుని, టాకాలు తెంపింది. మడత విప్పుకుని కొత్త గీత బయటపడింది, దాని పైన వరసగా పాతవి. పాప వంగి, వాటిలో రెండు గీతల మీద వేలు పెట్టింది.

“ఈ రెండు ఒక్కనాడే ఇప్పింది టీచరమ్మ.”

అక్క నోటినిండా పిన్నులున్నాయి. తల ఊపి, పాప వేలు పక్కనే తన వేలూ పెట్టి, ఆ గీతల మీద అలాగే ఉంచింది.