కుడి లేను మా ఆయనది

మా ఆయన లెక్కలో జాతీయ రహదారికి ఒకటే లేను ఉంది, అది కుడిది. ఎడమది మక్కజొన్నలు ఆరబోసుకోవడానికి, గొర్రెలు నడవడానికి, ఎదురొచ్చే పాలబండ్లకు ప్రభుత్వం దయతలచి వేసింది. డివైడరు మొక్కలను ఒరుసుకుంటూ పోవడమే ఆయనకు తెలిసిన డ్రైవింగు. వెనకవాళ్లు లైట్లు కొట్టినా, హారన్ మోగించినా జరిగేవాడు కాదు. ఎవడైనా విసిగిపోయి ఎడమనుంచి దాటేస్తే, వాణ్ని చేను గెట్టు జరిపినవాణ్ని చూసినట్టు చూసేవాడు.

మాది గద్వాలలో నేత ఇల్లు. ఏళ్ల తరబడి మగ్గం తాడు లాగీ లాగీ ఆయన కుడి భుజం పట్టేసింది. స్టీరింగు తిప్పలేడు. అందుకని నేను డ్రైవింగ్ స్కూలుకు పోయి నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాను. ఆయన మాత్రం కారు అమ్మకానికి పెట్టాడు. ఆడవాళ్లు నడపకూడదని కాదట, ఆయన తప్ప ఇంకెవరూ నడపకూడదట. నాకు కడుపు మండిపోయింది. ఈ వయసులో, ఈ ఇంట్లో, నా మాట వినే వస్తువు ఒక్కటి దొరికింది కదా, దాన్నీ లాగేసుకుంటున్నాడు.

కొనేవాళ్లు ఐజ నుంచి రేపు వస్తారనగా, వనపర్తిలో పెళ్లి వచ్చిపడింది. పెళ్లికూతురు తలంబ్రాలకు కట్టుకోవలసిన చీర మాది. ఆయన భుజం నొప్పి వల్ల ఆలస్యమై పెళ్లిరోజు పొద్దున గానీ చీర మగ్గం దిగలేదు. బస్సుకు పోతే ముహూర్తానికి అందదు. ఆయన నా వైపు చూడకుండానే తాళంచెవి ఇచ్చాడు.

"ఈ ఒక్క పారి నువ్వే నడుపు. నాకు భయం కాకుంటే ఐజోళ్లను రావద్దంటా. భయమైందా, రేపు బండి అమ్ముడే."

ఆయన నా పక్క సీట్లో, అత్తమ్మ చీర ఒళ్లో పెట్టుకుని ఆయన వెనక కూర్చున్నారు. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే ఎక్కి నేను ఎడమ లేను పట్టుకున్నాను. ఇక మొదలుపెట్టాడు. మక్కల్లోకి పోతావా ఏందని ఒకసారి, ఈ నడక నడిస్తే పెళ్లికి కాదు, పిల్ల బారసాలకు చేరుతామని ఒకసారి. పోవడానికి ఎడమ, దాటడానికి కుడి అని స్కూల్లో చెప్పారంటే, ఆ స్కూలాయన ఎన్నడైనా పెబ్బేరు దాకా వచ్చాడా అని అడిగాడు.

నిజంగానే మక్కలొచ్చాయి. చుట్టూ రాళ్లు పేర్చి, రోడ్డు వాళ్ల తాతదన్నట్టు ఆరబోశారు. అద్దం చూశాను, ఇండికేటర్ వేశాను, కుడికి వచ్చి దాటి మళ్లీ ఎడమకు పోయాను. వెనకనుంచి ఒక కారు రయ్యిన దాటిపోయింది. "ఇజ్జత్ పాయె," అన్నాడాయన. నేను బ్రేకు తొక్కిన ప్రతిసారీ, తొక్కనప్పుడు కూడా, ఆయన కుడికాలు కారు అడుగును తొక్కుతూనే ఉంది.

బీచుపల్లి వంతెనకు ముందు ఎడమ లేనులో ఊక లారీ ఒకటి ఈడ్చుకుంటూ పోతోంది. దాన్ని దాటుదామని కుడికి వచ్చాను. నేను పక్కకు చేరేసరికి దానికి పౌరుషం వచ్చి అదీ వేగం పెంచింది. ఇద్దరం పక్కపక్కనే వంతెన ఎక్కాం. వెనక అత్తమ్మ కొంగుముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. కృష్ణమ్మకు బిళ్ల వెయ్యకుండా ఆమె ఎన్నడూ ఆ వంతెన దాటలేదు. ఈయన కూడా ఎన్నడూ దాటించలేదు. వంతెన రాగానే వెనక ముందు చూడకుండా కుడినుంచి ఎడమకు కోసేసేవాడు.

దారంతా కుడి కుడి అన్న మనిషి ఇప్పుడు ఎడమ ఎడమ అంటున్నాడు. ఎడమకు లారీ ఉందన్నాను. లారీ ఉంటే ఏమైతది, హారన్ కొట్టి దూరిపొమ్మన్నాడు. నేను దూరలేదు. అత్తమ్మ ఆగలేక అద్దం దించి, దండం పెట్టి విసిరేసింది. బిళ్ల పోయి లారీకి టంగుమని తగిలింది. లారీ డ్రైవరు గట్టిగా హారన్ కొట్టాడు. అయినా ముందుకుపోయి, ఆ లారీ ముఖం మొత్తం లోపలి అద్దంలో కనబడ్డాకే ఎడమకు తిరిగాను. అప్పటికి వంతెన అయిపోయింది.

వనపర్తి దాకా అత్తమ్మ వెనక్కి తిరిగి కృష్ణమ్మకు దండాలు పెడుతూనే ఉంది. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. చీర ముహూర్తానికి అందింది, అందరూ అంచు మెచ్చుకున్నారు. నేను మాత్రం కారు పోయినట్టేనని లోపల అనేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో వంతెన ఇంకా దూరంలో ఉండగానే ఎడమకు చేరి, అద్దం చూసుకుంటూ నెమ్మది చేశాను. అత్తమ్మ తీరిగ్గా దండం పెట్టి బిళ్ల వేసింది. అది నీళ్లలోకే పోయింది.

"వీడు కోసినప్పుడల్ల పాణం అరచేతుల పెట్టుకొని, కండ్లు మూసుకొని ఏస్తుంటి," అంది అత్తమ్మ. "బిళ్ల యాడ వడ్తదో ఇయ్యాల్నే సూసిన."

కొంచెం దూరం పోయాక గడ్డి ట్రాక్టరు అడ్డమొచ్చింది. లేనున్నర ఆక్రమించింది. హారన్ కొట్టి, దాని డ్రైవరు చూసి పక్కకు జరిగేదాకా ఆగి, కుడినుంచి దాటి ఎడమకు వచ్చాను. ఇప్పుడు తిడతాడని చెవులు రిక్కించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కోపమేమోనని ఓరగా చూశాను. తల వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఆ కుడికాలు అలాగే చాపి ఉంది.

"వాళ్ల నాయిన తోలితే గూడ పండుకోలే వీడు," అంది అత్తమ్మ గొంతు తగ్గించి.

అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. కొడుకు లేస్తాడేమోనని అత్తమ్మ ముందుకు వంగి గబుక్కున తీసి చెవికి పెట్టుకుంది. అవతలివాళ్లు ఐజ నుంచి, రేపు ఎన్నింటికి రమ్మంటారని అడుగుతున్నారు.

"రాకుండ్రి నాయినా, అమ్ముతలేం. మా కోడలు నడుపుతున్నది."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ముందు గొర్రెల మంద ఉంది కాబట్టి ఏడవడం మానుకుని బ్రేకు తొక్కాను, ఆయనకు మెలకువ రాకుండా మెల్లగా.