డాక్టరమ్మ అత్తగారింటి ఓటరు

మొన్న రక్తపరీక్షకని వెళ్ళి కూచున్నాను. బయట వాన, లోపల జనం. తడిసిన ఉన్ని కోట్లన్నీ ఆ గది వేడికి ఆవిర్లు కక్కుతుంటే గొర్రెల మంద పక్క నుంచి పోతున్నప్పటి వాసన వేసింది. కౌంటరు దగ్గరి అమ్మాయి ఒక పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచింది. అందరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. నా పక్కన కూచున్న కుర్రాడు నవ్వుతూ, నేనే పోతే తొందరగా తెమిలిపోతుంది కదా అని తన స్నేహితుడితో ఇంగ్లీషులో అంటూ లేవబోయాడు. వాడు పరాచికానికే అన్నాడు. నాకు మాత్రం వీపు మీద చన్నీళ్ళు గుమ్మరించినట్టయింది. ముక్కూ మొహం తెలియనివాడి మోచెయ్యి గట్టిగా పట్టుకుని "వద్దు నాయనా" అన్నాను, అదీ తెలుగులో. వాడు బిత్తరపోయి కూచున్నాడు. ఇంతలో మూలనున్న ముసలాయన చెవిలో మిషను సరిచేసుకుంటూ లేచాడు గాని, కుర్రాడి మోచెయ్యి వదలడానికి నాకు చాలాసేపు పట్టింది. డాక్టరమ్మగారు ఉండి ఉంటే, బాగా పట్టుకున్నావే అనేవారు.

డాక్టర్ వసుంధర గారంటే మీకెవరికీ తెలియదు. పుట్టింది తెనాలి పక్కన. చిన్న వయసులో కెనడాలోని ఈ హామిల్టన్ ఆసుపత్రికి పిల్లల డాక్టరుగా వచ్చి, పీటర్ గారనే తెల్లమేష్టారిని చేసుకుని ఇక్కడే ఉండిపోయారు. నేను ఎరిగేనాటికి పీటర్ గారు పోయారు, పిల్లలు లేరు. హామిల్టన్ రెండంతస్తుల ఊరు; కింద సరస్సూ ఉక్కు ఫ్యాక్టరీలూ, పైన కొండ. ఆ కొండ మీద ఆవిడ ఇల్లు. మా ఆయన లారీ తోలుతూ వారాల తరబడి ఈ దేశం ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగేవాడు. నేనూ, మా తమ్ముడు మురళీ ఆవిడ బేస్‌మెంటులో అద్దెకుండేవాళ్ళం. పగలు నేను పైకి వెళ్ళి ఆవిడకి వంట చేసిపెట్టేదాన్ని. నాకు చదువు లేదు. అమ్మ పోయేనాటికి మురళి ఇంకా పాలు మరవని పిల్లాడు. వాణ్ణి చంకనేసుకుని బడి మానేశాను. వాడు చదివాడు, ఇంజనీరయ్యాడు, దగ్గర్లోని కిచెనర్‌లో కంప్యూటర్ ఉద్యోగం తెచ్చుకున్నాడు. నేను చదవాల్సింది కూడా వాడే చదివేశాడని నవ్వుకునేవాళ్ళం.

అంతకుముందు నేను పనిచేసిన చోట నన్ను 'సూ' అని పిలిచేవాళ్ళు. ఒకరోజు ఫోనులో ఎవరితోనో నేను అలాగే చెప్పుకోవడం డాక్టరమ్మగారు విన్నారు. సూ ఎవరని అడిగారు. నేనేనండీ అన్నాను. "కాదు. అది నిన్ను పిలవలేనివాడి బద్ధకం పేరు. నువ్వు సుగుణవి" అన్నారు. ఆ వారమే నన్ను బ్యాంకుకి తీసుకెళ్ళి, తాను దూరంగా కుర్చీలో కూచుని, నా చేతే నా పేరు చెప్పించారు. ఆ కౌంటరు పిల్ల నోరు తిరక్క తంటాలు పడుతుంటే ఈవిడ అక్కడి నుంచి చూస్తూ ముసిముసి నవ్వులు. ఈ దేశంలో బస్సెక్కడం, చలికి బట్ట కట్టడం, ఇంగ్లీషులో దెబ్బలాడడం అన్నీ ఆవిడే నేర్పారు. అన్నిటికన్నా ముందు నేర్పింది నా పేరుకి నేను పలకడం.

ఇంకొకరి పేరుకి పలకకూడదన్నది మాత్రం ఒక పొరపాటు వల్ల తెలిసింది. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను మోగింది. అవతలివాడు డాక్టర్ వసుంధర గారేనా అనడిగాడు. ఏ కంపెనీవాడో, వదిలించుకుందామని, ఆ నేనే అన్నాను. వెనక నుంచి తడిచెయ్యి వచ్చి ఫోను లాక్కుంది. "ఇంతకుముందు పలికింది నేను కాదు. ఇప్పుడు మాట్లాడుతున్నది నేను" అని వాడికి స్పష్టంగా చెప్పి పెట్టేశారు. తువ్వాలు చుట్టుకున్న జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మళ్ళీ మోగుతుందేమోనని ఫోను మీంచి చెయ్యి తియ్యలేదు. ఇంత చిన్నదానికి అంత హడలేమిటో నాకర్థం కాలేదు. తేలిక చేద్దామని, మా ఊళ్ళో చీకటి పడ్డాక ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకనిచ్చేవాళ్ళు కాదండీ, దయ్యమేమోనని, అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"మీ ఊరి దయ్యానికి ఊరూ పేరూ లేదు. మా అత్తగారింటి దయ్యానికి ఓటుంది."

ఆ సాయంత్రం గోంగూర వలుస్తూ ఆ కథ చెప్పారు. పందొమ్మిదో శతాబ్దంలో, అంటే పీటర్ గారి ముత్తాత వాల్టర్ కాలంలో, ఒక యేడు అమెరికా అధ్యక్షుడి ఎన్నిక మొత్తం న్యూయార్క్ రాష్ట్రం మీద ఆగిందట. అది ఎటు మొగ్గితే దేశం అటు. చివరికి తేలింది కూడా మన పక్క పెద్దింటి పెళ్ళి భోజనాలకి కూచునేంతమంది తేడాతోనేనట. అంత బిగువులో ఉన్నప్పుడు బతికున్నవాళ్ళ ఓట్లు చాలవు కదా. వాల్టర్ నయాగరా నదికి ఇవతల, కెనడా ఒడ్డున పడవ నడుపుకునేవాడు. అవతల న్యూయార్క్. పార్టీ మనిషి ఒకడు వచ్చి, అవతలి ఊరి ఓటర్ల జాబితాలో పేర్లున్నాయి గాని మనుషులు లేరు, పేరుకొక మనిషి కావాలన్నాడు. చలి, వాన, ఊరికే వచ్చే విస్కీ. వాల్టర్ తన పడవలోనే కొందరిని ఎక్కించుకుని వెళ్ళాడు. అతనికిచ్చిన పేరు సైలస్ వీవర్. అంతకుముందు వేసవిలో నదిలో పడిపోయిన కుర్రాడు. శవం దొరకలేదు.

ఓట్లు ఒక మంగలి కొట్లో వేస్తున్నారట. చీటీలు పార్టీవాళ్ళే అచ్చేసి చేతిలో పెట్టేవాళ్ళు. బల్ల మీద గుండ్రటి గాజు పాత్ర, అందులో వెయ్యాలి. వెయ్యబోయేముందు అధికారి వీధిలోకి వినబడేలా పేరు పిలిచేవాడు. సైలస్ వీవర్ అని పిలిచాడు. ఇక్కడున్నాను అని వాల్టర్ పలికాడు. చీటీ గాజులో పడింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఒక ముసలామె నిలబడి ఉంది, ఉన్ని శాలువా లోంచి నీళ్ళు కారుతూ. కొడుకు పోయాడంటే నమ్మని మనిషి. ఆమె వచ్చి వాల్టర్ చొక్కా చెయ్యి పట్టుకుంది. అతని ముఖం వంక చూడనైనా లేదట. "పలికావు కదా. ఇంటికి రా" అంది. కొట్లో అందరూ నవ్వారు. ఎవరో ఆమె వేళ్ళు ఊడదీశారు. వాల్టర్ పడవ తోసుకుని వచ్చేశాడు.

వచ్చినవాడు వెళ్ళినవాడిలా లేడు. అన్నానికి పెళ్ళాం వాల్టర్ అని పిలిస్తే తల తిప్పేవాడు కాదు. దగ్గరికొచ్చి కదిపితే, ఎవర్ని పిలుస్తున్నావు అనేవాడట. నది వైపు నుంచి గాలి వీస్తే మాత్రం చెవి ఒగ్గేవాడు. ఒక పొద్దున మంచులో లేచి బూట్లు వేసుకుంటుంటే ఎక్కడికని అడిగింది భార్య. అమ్మ పిలుస్తోందన్నాడు. అతని తల్లి అతని పెళ్ళికి ముందే పోయింది. ఆ మధ్యాహ్నం పడవ అవతలి ఒడ్డున కట్టేసి కనిపించింది. మనిషి కనిపించలేదు. తాడు ముడి మాత్రం వాల్టర్ వేసే ముడి కాదట. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకరి పేరుకి ఇంకొకరు పలకరు.

ఇదంతా నిజమేనా అని అడిగాను. ఆవిడ కాడలు ఒక పక్కకి నెడుతూ, "నేను డాక్టర్ని సుగుణా. వాల్టర్‌కి ఏం జబ్బో పేరు పెట్టి చెప్పగలను. చెప్పగలనే గాని, ఎవరి పేరుకో పలకమంటే పలకలేను" అన్నారు.

ఆ మరుసటి ఏడాదే మురళి ఉద్యోగం పోయింది. కంపెనీ సగంమందిని తీసేసింది. వర్క్ పర్మిట్ గడువు దగ్గర పడుతోంది. ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వాడు ఈ దేశం వదలాలి. అప్పుడు ఒక కన్సల్టెన్సీ అతను తగిలాడు. కొందరి బదులు ఫోనులో ఇంటర్వ్యూలు ఇస్తే, తర్వాత మురళిని తనే ఎక్కడో ఒకచోట పెట్టిస్తానన్నాడు. కెమెరా ఉండదు, గొంతు చాలు. "తప్పేముంది అక్కా, నా నాలెడ్జి, వాళ్ళ పేరు. అందరూ చేస్తున్నదే" అన్నాడు. వాడు వెళ్ళిపోతాడన్న భయంలో నేనూ ఊరుకున్నాను. కాఫీ తీసుకెళ్తూ, ఇవాళ ఎవరివిరా అని వేళాకోళం కూడా ఆడేదాన్ని. ఇవాళ రాజేష్‌ని, ఎనిమిదేళ్ళ ఎక్స్‌పీరియన్స్, నాకు గౌరవమివ్వు అనేవాడు. అందరికన్నా ఎక్కువసార్లు ప్రవీణ్ అయ్యాడు. ఆ ప్రవీణ్ ఎవరో వాడూ చూడలేదు. ఇప్పుడెక్కడున్నాడని ఒకసారి అడిగితే కన్సల్టెన్సీ అతను మాట మార్చేశాడట.

నేను ముందు గమనించింది భోజనం దగ్గర. జానెడు దూరంలో కూచున్నాడు, చెవుల్లో ఏమీ లేవు. మురళీ, పెరుగు వెయ్యనా అంటే కదల్లేదు. మళ్ళీ అడిగాను. భుజం మీద చెయ్యేస్తే ఉలిక్కిపడి, "నన్నా?" అన్నాడు. ఇంకోరోజు కాఫీ కొట్లో కప్పు మీద రాయడానికి పేరడిగింది పిల్ల. వీడు ఆలోచిస్తూ నిలబడ్డాడు. వెనక క్యూ పెరుగుతోంది. ఆఖరికి ప్రవీణ్ అన్నాడు. బయటికొచ్చాక ఎందుకలా చెప్పావంటే, చెప్పానా అని నన్నే అడిగాడు. నిద్ర చాలక అనుకున్నాను. అనుకోవాలని ఉండింది కాబట్టి అలా అనుకున్నాను. డాక్టరమ్మగారికి చెప్పాను. ఆ రోజు నుంచి మురళి ఎదురైతే చాలు, ఆవిడ వాణ్ణి ఇంటిపేరుతో కలిపి పిలిచేవారు.

అది అమెరికా ఎన్నికల నవంబరు. ఆ నెలలో ఆవిడ ఎప్పుడూ స్థిమితంగా ఉండేవారు కాదు. టీవీ గొంతు నొక్కేసి, రాష్ట్రాల రంగులు మారడం చూస్తూ కూచునేవారు. ఆ రోజు సాయంత్రం నాలుగు దాటింది. సరస్సు మీంచి పొగమంచు కొండెక్కి వచ్చి వీధిని మింగేసింది. నేను పైన వడియాలు వేయిస్తున్నాను. మురళి ఒక ఇంటర్వ్యూ ముగించి పైకొచ్చి కాఫీ కప్పుతో నిలబడ్డాడు. అప్పుడు వాకిట్లోంచి పిలుపు వినబడింది.

ఆడగొంతు. ఆటకి పోయిన పిల్లాణ్ణి అన్నానికి పిలిచే గొంతు. ప్రవీణ్ అని, చివర సాగదీసి. ఆ వీధిలో మేము తప్ప తెలుగువాళ్ళు లేరు. మురళి కప్పు బల్ల మీద పెట్టి, మేజోళ్ళతోనే తలుపు దగ్గరికి నడిచాడు. గడియ మీద చెయ్యి వేశాడు. నోరు తెరుస్తున్నాడు. డాక్టరమ్మగారు అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. వాడి భుజం దాకా కూడా రాని మనిషి, మునివేళ్ళ మీద లేచి వాడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వు పిలువు" అన్నారు నాతో.

మురళీ అన్నాను. వాడు తలుపుకేసే చూస్తున్నాడు. ఇంటిపేరుతో పిలిచాను. వాడి కళ్ళలో ఏ కదలికా లేదు. బయట మళ్ళీ పిలుపు, ఈసారి మెట్ల మీంచి.

"మీ అమ్మ వీణ్ణి ఏమని పిలిచేది?"

అమ్మ పోయాక ఆ పేరు ఎవరూ అనలేదు. నా గొంతులోంచి వస్తుందో రాదో కూడా తెలియదు. "ఒరే బుల్లోడా" అన్నాను. పలకలేదు. వడియాలు మాడుతున్న వాసన వస్తోంది. వాడి బదులు నేనే పలికేస్తానేమోనని భయమేసి పళ్ళు బిగించుకున్నాను. మళ్ళీ పిలిచాను, బుల్లోడా అని, అమ్మ పిలిచినట్టు. వాడి భుజాలు మెల్లగా కిందికి జారాయి. డాక్టరమ్మగారు చెయ్యి తీశారు.

"ఏంటే అక్కా, అరుస్తావు" అన్నాడు. అని, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆవిడకి కాలేదు. గడియ తీసి తలుపు బార్లా తెరిచారు. మెట్ల మీద ఎవరూ లేరు. మంచు మాత్రం లోపలికి తొంగిచూస్తున్నట్టు ఉంది. ఇంటి చెప్పులతోనే గడప దాటి నిలబడి, తన దగ్గరికి వచ్చే పిల్లల తల్లులతో మాట్లాడే గొంతుతో అన్నారు:

"అమ్మా, ఇక్కడ పలికింది మీ అబ్బాయి కాదు. మావాడు. అబద్ధం పలికాడు, క్షమించు. మీ అబ్బాయి ఇక్కడ లేడమ్మా."

అదే మాట ఇంగ్లీషులో కూడా చెప్పారు. చెప్పి, చలిలో చాలాసేపు అలాగే నిలబడి, అప్పుడు తలుపు వేశారు.

ఎవరో తెలుగావిడ నిజంగానే కొడుకుని వెతుక్కుంటూ వచ్చిందేమో. వచ్చి ఉండొచ్చు. ప్రవీణ్ అనే కదండీ పిలిచింది అని ఆవిణ్ణి అడిగాను. ఆవిడ నా వంక వింతగా చూశారు. "నీకలా వినబడిందా? నాకు సైలస్ అని వినబడింది" అన్నారు. మురళికి ఏమని వినబడిందో వాడు ఇవాళ్టిదాకా చెప్పలేదు. కాస్త తేరుకున్నాక ఆవిడ, వాల్టర్ నాటి ఎన్నికలో ఓటు పోయిందని రెండు పార్టీలూ గోల పెట్టుకున్నాయి గాని, ఆ ముసలామె దగ్గరికి వెళ్ళి ఆ పలికినవాడు నీ కొడుకు కాదమ్మా అని చెప్పిన మనిషి ఒక్కడూ లేడు, పలక్కుండా దాక్కోవడమే మావాళ్ళు నేర్చుకున్నారు, అన్నారు.

మర్నాడే మురళి కన్సల్టెన్సీ అతనికి ఫోను చేసి, ఇక నా పేరుతో తప్ప మాట్లాడనన్నాడు. అతను నవ్వి పెట్టేశాడు. వాడి పేరుతో వాణ్ణి ఎవరూ తీసుకోలేదు. మంచు కరిగేలోపు పర్మిట్ అయిపోయింది. విశాఖపట్నం వెళ్ళి అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు, బాగానే ఉన్నాడు. అప్పుడప్పుడు ఫోనులో, ఆ రోజు నువ్వు పిలవకపోతే నేను అక్కడే ఉండేవాణ్ణి అక్కా అంటాడు. అందులో కృతజ్ఞత ఎంతో, నిష్ఠూరం ఎంతో నేను తూచలేను. చంకనేసుకుని పెంచినవాణ్ణి దూరం చేసుకుని వాడి పేరు వాడికి దక్కించాను. డాక్టరమ్మగారు ఉన్నన్నాళ్ళూ అది సరైన పనేనని ధైర్యంగా ఉండేది. ఆవిడ పోయాక నా ధైర్యం నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

ఇప్పుడు మాకు చిన్న ఇల్లుంది, అదీ కొండ మీదే. నవంబరులో మంచు పట్టిన సాయంత్రాలు కొన్నిసార్లు వాకిట్లో పిలుపు వినబడుతుంది. ఒక్కోసారి ఒక్కో పేరు, నాదెప్పుడూ కాదు. మా ఆయన ఇంట్లో ఉంటే, గాలే అంటాడు. గాలే కావచ్చు. నేను పలకను. పొయ్యి కట్టేసి, శాలువా కప్పుకుని తలుపు తీస్తాను. మీ అబ్బాయి ఇక్కడ లేడమ్మా అని చెబుతాను, ముందు తెలుగులో, తర్వాత నాకొచ్చిన ఇంగ్లీషులో. మెట్ల మీంచి ఎవరో మెల్లగా దిగి వెళుతున్నట్టు అనిపించేదాకా అలాగే నిలబడతాను. ఆ తర్వాతే తలుపు వేస్తాను.