విందు దగ్గర పడిపోయినవాణ్ణి

సహోదరులారా, అలసిన మనిషి సాక్ష్యం ఇది, కాస్త ఓపికతో వినండి. మహారాష్ట్రలోని నాయ్‌గావ్ పక్కన సోయాబీన్ బస్తాల ట్రాలీ మీదనుంచి జారిపడి, మెడ దగ్గర వెన్ను విరిగినప్పటినుంచి నేను చక్రాల కుర్చీలోనే ఉన్నాను. కాళ్ళు పోయినందుకు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాను గానీ, అన్నం తినాలంటేనే భయపడే రోజు వస్తుందని అనుకోలేదు! కడుపునిండా తిన్న కాసేపటికే చెవుల్లో హోరు, కళ్ళకు చీకట్లు, తల వాలిపోయేది. నీరసమనుకొని ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ ఇంకో ముద్ద ఎక్కువే పెట్టేవారు, దాంతో ఇంకా పడిపోయేవాణ్ణి.

ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘమంతా బంతిగా కూర్చొని తింటాం. అక్కడా పడిపోయాను. పెద్దలు నన్ను కుర్చీలోంచి దించి, చాప మీద పడుకోబెట్టి, చేతులుంచి దయ్యాన్ని గద్దించారు. నేను కళ్ళు తెరిచాను, అందరూ స్తోత్రమన్నారు. మరుసటి ఆదివారం మళ్ళీ అదే. విందు దగ్గరే పడుతున్నాడంటే వీడిలో ఏదో ఉందని గుసగుసలు మొదలయ్యాయి, దేవుడే నన్ను తన బల్ల దగ్గరనుంచి తోసేస్తున్నాడని నేనూ నమ్మాను. అప్పటినుంచి బయట రేకుల కిందే ఉండి, లోపలి పళ్ళేల చప్పుడు వినేవాణ్ణి. ఒకరోజు అక్కడే ప్రార్థించాను: "ప్రభువా, నడిపియ్యమని అడుగుతలేను. నలుగురితోని కూసోని తిననియ్యి, చాలు."

జవాబు నా భార్య శాంత నోట వచ్చింది. పాస్టరుగారితో మెల్లగా అంది: "అయ్యగారూ, ఇంట్ల ప్రార్థన చెయ్యకున్నా, పండుకోబెడితే లేస్తుండు. దవాఖానల సూపిద్దాం."

ఆయన కోప్పడలేదు, తానే మాతో నాందేడ్ వచ్చారు. అక్కడి డాక్టరమ్మ తినకముందూ తిన్నాకా బీపీ చూసి, తిన్నాక రక్తం కడుపువైపు పోతుందని, అప్పుడు మిగతా రక్తనాళాలు బిగుసుకోవాలని, వెన్ను దెబ్బతిన్నవాళ్ళలో ఆ కబురు వాటికి అందదని, అందుకే బీపీ పడిపోయి తలకు రక్తం చాలదని మరాఠీలో నెమ్మదిగా చెప్పింది. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినమంది, అన్నం తగ్గించి ముందుగా నీళ్ళు తాగమంది, కడుపుకు పట్టీ ఇచ్చింది, తిన్నాక కుర్చీ వెనక్కి వాల్చమంది.

నేను నడవలేదు, అలసటా పోలేదు. కానీ ఇప్పుడు బంతిలో సగం జొన్నరొట్టె తింటాను, శాంత నా కుర్చీని వెనక్కి వాల్చి ఒడికి ఆనించుకుంటుంది. కుర్చీ మళ్ళీ నిటారుగా లేచేదాకా పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేయరు, ఎవరూ చేయి కడుక్కోరు. దేవునికే మహిమ! మీ ఇంట్లో ఎవరైనా ఇలా పడిపోతుంటే ప్రార్థించండి, డాక్టరుకూ చూపించండి, ఆయన రెండు చోట్లా ఉన్నాడు. ఈరోజు కూడా విందు ఉంది, నా పక్కన చోటుంది, వచ్చి కూర్చోండి.