కాలువ కట్టిన నెలలో చూడమన్న మనిషి

కాలువ కట్టేసిన ముప్పై నాలుగో రోజు ఉదయం మా పక్కింటి లస్కరు గారు పోయారు. ఆయన కోడలు ప్రహరీ గోడలోని సందు దాటి వచ్చి, మా వంటింటి గుమ్మం బయటే ఆగి, "మామయ్య గారు ఎంత పిలిచినా పలకట్లేదండి, ఒకసారి వస్తారా" అంది. వెళ్ళాను. నిద్రలోనే పోయారు. మంచం పక్కన స్టూలు మీద కళ్ళజోడు, చేతి గడియారం, మడిచిన తువ్వాలు రోజూ ఉండే వరసలోనే ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి మా వంటింట్లో రెండు బిందెలు నిండుగా కనిపించాయి. ముందు రోజు సాయంత్రం ఆయన నూతిలోంచి తోడుకున్న నీళ్ళే అవి.

కాలువ ఊళ్ళలో పుట్టని పాఠకులకు రెండు సంగతులు చెప్పాలి. లస్కరు అంటే కాలువ మీద లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించుతూ, నీటిమట్టం కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి. కాలువ కట్టేయడం అంటే ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నెలన్నర పాటు పైన ఆనకట్ట దగ్గరే నీరు ఆపేయడం. ఆ నెలన్నరా మా ఊరు వేరే ఊరిలా ఉంటుంది. గోదావరి గట్టు ఒకవైపు, ఎండిన కాలువ ఇంకోవైపు. లస్కరు గారు ముప్పై మూడేళ్ళు ఆ లాకుల దగ్గర పనిచేశారు. రిటైరయ్యాక కూడా ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. నేనూ ఇక్కడ ఆ అలవాటు మార్చను.

ఆయనతో నా పరిచయం ఇల్లు కొనడంతో మొదలైంది. నా చదువు పదో తరగతితో ఆగింది. కాలువ రోడ్డులో మోటార్ల వైండింగు షాపు నాది. రాగి తీగ చుట్లు లెక్కపెట్టుకుని బతికేవాణ్ణి కనుక జాబితా లేకుండా కూరగాయలకు కూడా వెళ్ళను. పదేళ్ళలో నాలుగు అద్దె ఇళ్ళు మారాక, పదకొండేళ్ళ కిందట ఒక దసరాకి, కాలువ పక్కన పెంకుల వసారా, వెనక రెండు స్లాబు గదులు ఉన్న ఇల్లు అమ్ముతారని తెలిసింది. ఇల్లుగలావిడ పెద్దావిడ, భర్త పోయారు. పెనుగొండలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోదామనుకుంటున్నారు. ఇల్లు చూడడానికి నేను నలభై ఒక్క అంశాల జాబితాతో వెళ్ళాను. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదులు, ద్వారబంధాలకు చెదలు, స్లాబు పగుళ్ళు, వాన నీరు ఎటు పోతుంది, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, ఇలాంటివన్నీ. మా ఆవిడ జాబితా జోలికి పోలేదు. పెరట్లో నూతిలోంచి చేద వేసి నీళ్ళు తోడి, దోసిట్లోకి తీసుకుని తాగి, "తియ్యగా ఉన్నాయండి" అంది. ఆమె దృష్టిలో ఇల్లు కొనడం అక్కడితో అయిపోయింది.

బయటికి వచ్చేసరికి పక్కింటి అరుగు మీద తెల్ల చొక్కాతో ఒక మనిషి కూర్చుని ఉన్నారు. "ఏంటండి ఆ కాగితం?" అని అడిగారు. ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్క అంశం కూడా వదలకుండా, వేలితో గీస్తూ చివరి దాకా చదివారు. నా జాబితాను పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆయనే.

"అన్నీ రాశారండి. నెల రాయలేదు" అన్నారు.

"నెలేంటండి?"

"ఏ నెలలో చూస్తున్నారో అది. నీళ్ళున్నప్పుడు ఈ ఊళ్ళో అన్ని ఇళ్ళూ బాగానే ఉంటాయండి. కాలువ కట్టాక రండి. ఆ నూతి నీళ్ళతో గుప్పెడు కందిపప్పు ఉడకేసి చూడమనండి మీ ఆవిణ్ణి. అప్పుడు కొనుక్కోండి."

మా ఊరి నూతుల్లో చాలా వాటికి కాలువ ఊటే ఆధారం. కాలువ ఎండితే కొన్ని నూతులు ఉప్పనవుతాయి, కొన్ని కావు. నేల అడుగున ఇసుక పొర ఉందా, నల్ల బంకమన్ను ఉందా అన్నదాన్ని బట్టి పక్కపక్క పెరళ్ళలోనే తేడా వస్తుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు మాత్రం నా జాబితాలో ఒక ఖాళీ దొరికిందన్న ఉత్సాహమే నాకు మిగిలింది. నలభై రెండో అంశం రాసుకుని, మర్నాడు పొద్దున్నే ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, "వేసవిలో ఇంకోసారి చూస్తామండి. పక్కింటి లస్కరు గారు చెప్పారు" అన్నాను.

ఆవిడ పువ్వులు కడుతున్నారు. చేతిలో దారం ఆగిపోయింది. "వాడు చెప్పాడా" అన్నారు. మళ్ళీ ముడి వేస్తూ, "అయితే వేసవికే రండి బాబూ" అన్నారు.

లస్కరు గారు ఆవిడకు సొంత తమ్ముడు. తండ్రి స్థలాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి కూతురికి, ఒకటి కొడుక్కి ఇచ్చారట. నా నలభై రెండు అంశాల్లో ఆ సంగతి లేదు. ఆ రోజు నుంచి ఆవిడ తమ్ముడితో మాట్లాడడం మానేశారు.

వేసవి వచ్చింది. మా ఆవిడ రెండు గిన్నెల్లో పప్పు పొయ్యెక్కించింది, ఒకటి ఆవిడ నూతి నీళ్ళతో, ఒకటి లస్కరు గారి నూతి నీళ్ళతో. మొదటి గిన్నెలో పప్పు గంటన్నర మరిగినా ఉప్పు నీళ్ళకి పలుకు పలుకుగానే ఉంది, రెండోది మెత్తబడింది. నేను జాబితా మడిచేశాను. మా ఆవిడ మడవనివ్వలేదు. "నెలన్నరే కదండీ ఉప్పు. ఆ నెలన్నరా పక్కింట్లో తోడుకుందాం. సొంత అక్క ఇల్లయినా ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి పక్కన ఇల్లు మళ్ళీ దొరుకుతుందా?" అంది. కొన్నాం. రిజిస్ట్రేషన్ అయిన వారానికి లస్కరు గారు మేస్త్రీని పిలిచి రెండిళ్ళ మధ్య ప్రహరీలో మనిషి పట్టేంత సందు కొట్టించారు. "నెలన్నర కోసం గోడ పాడుచేసుకోవడం ఎందుకండీ, చుట్టూ తిరిగి వస్తాం" అన్నాను. "బిందెతో చుట్టూ తిరగడమేంటండి" అన్నారు.

పెద్దావిడ సామాను లారీ ఎక్కిన రోజు ఆ సందు పక్కనే ఆయన నిలబడి ఉన్నారు. ఆవిడ ముందు గుమ్మంలోంచే వెళ్ళిపోయారు.

పదకొండేళ్ళ పొరుగులో ఆయన గురించి నేను గమనించినవి చాలా ఉన్నాయి. రోజూ ఉదయం లాకుల దాకా నడిచి వెళ్ళి, రాతి గోడకున్న కొలబద్ద చూసి వచ్చేవారు. దారిలో ఎవరు పలకరించినా ముందు నీటిమట్టం చెప్పి, తర్వాతే కుశలం అడిగేవారు. గ్లాసులో మిగిలిన నీళ్ళు ఎప్పుడూ పారబోయలేదు, కరివేపాకు మొదట్లో పోసేవారు. ఒకసారి పాత టేబుల్ ఫ్యాను వైండింగుకి తెచ్చి, పని అయ్యేదాకా నా షాపులో కూర్చున్నారు. నేను చుట్లు లెక్కపెట్టుకునేటప్పుడే అందరికీ కబుర్లు గుర్తొస్తాయి. ఆయన మాత్రం నోరు విప్పలేదు. నేను వంద దాటినప్పుడల్లా ఒక వేలు మడిచి గుర్తుపెట్టుకున్నారు. చివర్లో చెయ్యి చూపించి, "ఆరు మడిచానండి. మీకెన్నొచ్చాయి?" అన్నారు. నాకూ ఆరు వందలే వచ్చాయి.

లాకుకి రెండు తలుపులుంటాయి, ఎగువది, దిగువది. రెండూ ఒకేసారి తెరవకూడదు, నీళ్ళు అదుపు తప్పుతాయి. ఆయన ఏ విషయాన్నయినా అక్కడికే తెచ్చేవారు. పిల్లవాడి ట్యూషన్ గురించి నేనూ మా ఆవిడా ఒకేసారి గొంతులు పెంచితే గోడ అవతలి నుంచి, "ఒక తలుపు వేసి, నీళ్ళు సర్దుకున్నాక రెండోదండి" అని వినిపించేది. మా ఆవిడ, "ముందు ఆయన్ని వెయ్యమనండి బాబాయి గారూ" అనేది.

అక్కగారి ప్రసక్తి ఆయన తెచ్చేవారు కాదు. బంధువుల పెళ్ళిళ్ళలో ఇద్దరూ కలిసేవారు. ఒక పెళ్ళిలో నేనూ ఉన్నాను. పంక్తికి ఆ చివర కూర్చున్న తమ్ముణ్ణి చూడకుండానే, వడ్డించే కుర్రవాళ్ళతో ఆవిడ, "అక్కడ తెల్ల చొక్కా ఆయనకి మజ్జిగ పులుసు మళ్ళీ వెయ్యండి, అడగడు" అన్నారు. ఆయన ఆకు వైపే చూస్తూ, "చాలని చెప్పండి ఆవిడకి" అన్నారు. వేయించుకున్నారు.

మూడేళ్ళ కిందట, కాలువ కట్టిన నెలలోనే, నేను ఆయన నూతి గట్టు మీద బిందె పెట్టి చేద వేస్తున్నప్పుడు, నేను అడగకుండానే అన్నారు: "ముప్పై మూడేళ్ళు ఒక్కనాడు వరస తప్పలేదండి లాకుల దగ్గర. మా అక్క విషయంలో తప్పాను. ముందు ఆవిడతో అనాలి. ఆవిడ ఏమంటుందో విని, తర్వాత మీతో అనాలి. రెండు తలుపులూ ఒకేసారి ఎత్తేశాను."

"ఆ మాట ఆవిడతో అనొచ్చు కదండీ" అన్నాను.

"నేనంటే వింటుందా" అని నవ్వేశారు.

ఆ సాయంత్రం నా పుస్తకంలో రాసుకున్నాను: పెనుగొండ వెళ్ళాలి, పెద్దావిడకు చెప్పాలి. రాసిన ప్రతి పనికీ పక్కన చిన్న గడి గీసి, పని అయ్యాక టిక్కు పెట్టడం నా పద్ధతి. ఆ గడి మూడేళ్ళు ఖాళీగా ఉంది. పుస్తకం మారినప్పుడల్లా ఆ అంశాన్ని శ్రద్ధగా కొత్త పుస్తకంలోకి ఎక్కించాను. అక్కాతమ్ముళ్ళ మధ్యకి పరాయివాణ్ణి నేనెందుకు అనుకున్నాను. ఆ పరాయివాడి నోటి నుంచే మొదటి మాట జారిందన్న సంగతిని పక్కన పెట్టుకున్నాను.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నానికి పెద్దావిడ వచ్చారు. ఏడవలేదు. తమ్ముడి చొక్కా గుండీ ఊడి ఉంటే సూదీ దారం తెమ్మన్నారు, కుట్టారు. తర్వాతి రోజుల్లో ఎక్కువగా నూతి గట్టు మీదే కూర్చునేవారు. పెద్దకర్మకి ముందు రోజు నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నా వల్లే కదండీ ఇదంతా" అన్నాను.

"మీ వల్ల ఏముంది బాబూ. ఆ ఇంట్లో ముప్పై ఆరేళ్ళు కాపురం చేశాను. ఆ నీళ్ళు ఉప్పనవుతాయని నాకు తెలియదా? మాట పుచ్చుకునే ముందు నేనే చెబుదామనుకున్నాను. మీ ఆవిడ తాగి తియ్యగా ఉన్నాయని మురిసిపోయింది, ఆ పూటకి ఉండనిద్దాం అనుకున్నాను. తెల్లారేసరికి మీరొచ్చి వాడు చెప్పాడన్నారు." ఆగి, "చెప్పినందుకు కాదు కోపం. నేను దాచేస్తాననుకున్నాడు, అందుకు" అన్నారు.

నేనూ అలాగే అనుకున్నాను. పదకొండేళ్ళుగా ఆయన నిజాయితీని తలుచుకున్నప్పుడల్లా, పక్కనే ఆవిడను నిజం దాచిన మనిషిగా నిలబెడుతూ వచ్చాను. ఆ సంగతి ఆవిడతో ఒప్పుకున్నాను. తర్వాత, ఆయన వరస తప్పానన్న మాట, రెండు తలుపుల మాట, ఉన్నవి ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ నా వైపు తిరిగారు.

"ఎప్పుడన్నాడిది?"

"మూడేళ్ళయిందండి."

"ఫోను ఉంది కదా బాబూ మీ దగ్గర" అన్నారు.

ఆవిడ లేచి, సందు దాటి మా పెరట్లోకి వచ్చి, తన పాత నూతిలోంచి చేద వేసి తోడుకుని, దోసెడు తాగి, "అలాగే ఉన్నాయి" అన్నారు. మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు తెస్తే వద్దన్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు కాలువకి నీళ్ళు వదిలారు. ఏటా ఆ రోజు లస్కరు గారికి ఒక అలవాటు ఉండేది. లాకుల దగ్గర నిలబడి, నీటి మొదలు కనిపించగానే దాని పక్కన గట్టు మీద నడక మొదలుపెట్టేవారు. నీళ్ళ కంటే ముందు పోరు, వెనకబడరు. ఊరి చివరి వంతెన దాకా అలా నడిచి, నీళ్ళను అవతలికి పంపించి, ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కునేవారు. ఈ సంగతి ఆవిడకు కోడలు చెప్పినట్టుంది. నేను లాకుల దగ్గరికి వెళ్ళేసరికి, తమ్ముడి గొడుగు చేత్తో పట్టుకుని ఆవిడ అప్పటికే అక్కడ ఉన్నారు.

నీళ్ళు వచ్చాయి. ముందు చెత్త, ఎండు కొబ్బరి మట్టలు, ఒక చెప్పు, నురగ. వెనక బూడిద రంగు నీరు. నెర్రెలిచ్చిన అడుగు మట్టిలోంచి బుడగలు లేచాయి. ఆవిడ నడవడం మొదలుపెట్టారు. నేను నాలుగడుగుల వెనక నడిచాను. మా ఇంటి రేవు దగ్గర పెద్ద గుంట ఉంది. మరమ్మతుల వాళ్ళు మట్టి తీసిన చోటు అది. నీటి మొదలు దాంట్లోకి దిగి ఆగిపోయింది.

ఆవిడా ఆగారు. గొడుగు మూసి నేలకి ఆనించి, ఆ గుంట వైపే చూస్తూ నిలబడ్డారు. నీళ్ళు తిరుగుతున్నాయి, నిండుతున్నాయి. గట్టు మీద ఎవరో, "ఎండగా ఉంది, ఇంటికి పదండి మామ్మగారూ" అన్నారు. ఆవిడ చెయ్యెత్తి ఆగమన్నారు. గుంట నిండి, నీళ్ళు సర్దుకుని, అంచు మీంచి ఒక సన్నని పాయ మెల్లగా ముందుకి జారింది. అప్పుడు ఆవిడ గొడుగు ఎత్తి, అడుగు వేశారు.