నొప్పి తెలియని కాలు

మా నాయిన పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికి ఇచ్చేవాడు. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, కొత్తపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక తెల్ల ఆడగుర్రం ఉండేది. రేసులకు పనికిరాదని ఎవరో అమ్మేస్తే తెచ్చాడు. ఎక్కడి రేసులో ఇక్కడ అనవసరం. మోకాలు వాచినప్పుడల్లా నొప్పి తెలియకుండా సూది వేసి పరిగెత్తించారని దాన్ని అప్పగించినవాడే చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను రేసుల వాళ్లను తిట్టని రోజు లేదు. అప్పుడు నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. నాకంతా తెలుసని పొగరు కూడా.

బరాత్ గుర్రానికి నడక ఒక్కటే సరిపోదు. డప్పు మోగితే ముందుకాళ్లు ఎత్తి ఆడాలి. నాయిన ఆ ఆటను దానికి నెలల తరబడి ఓపిగ్గా నేర్పాడు. గల్లీ అవతల డప్పు వినిపించినా సరే, చెవులు నిక్కబొడుచుకునేది, ఇక కాళ్లు ఆగేవి కావు. నిజం చెప్పాలంటే, మీదున్న పెళ్లికొడుకు కన్నా అదే అందంగా ఉండేది.

ఒక బరాత్ తర్వాత దాని పాత మోకాలు మళ్లీ వాచింది. పశువుల డాక్టరు గుంటూరు వైపు ఆయన. కాలు నొక్కి చూశాడు.

"ఎముకలో సన్నటి పగులు ఉన్నట్టుందండీ. నెల రోజులు కదలనివ్వకండి. నొప్పికి మాత్రం ఏమీ ఇవ్వొద్దు. నొప్పి ఉంటేనే ఆ కాలు కింద మోపకుండా కాపాడుకుంటుంది."

నాయిన ఆ మాట తూచా తప్పలేదు. కాలికి తడిగుడ్డ చుట్టి, పక్కనే గోనెసంచి పరుచుకుని కూర్చునేవాడు. నేనే దాని మూలుగు భరించలేకపోయాను. మేత ముట్టదు, మనిషి కనిపిస్తే తల తిప్పి చూస్తుంది.

నాలుగో రోజు బంద్. బస్సుల్లేవు, నాకు కాలేజీ లేదు. నాయిన ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకోకు బయల్దేరాడు.

"జర చూస్తుండు బిడ్డా, గంటల ఒస్తా," అన్నాడు.

గుర్రంతో పాటు వచ్చిన పెట్టెలో ఆ సూదిమందు సీసా ఇంకా ఉంది. ఒక్కసారికి ఏం కాదులే అనుకుని వేశాను.

అరగంటకు అది గడ్డి తిన్నది. మెడ నిమురుతూ సంతోషంతో ఏడ్చాను.

అంతలో మా గల్లీలోకి ఊరేగింపు వచ్చింది. జై తెలంగాణ నినాదాలు, ముందు వరుసలో డప్పులు. గుర్రం తలెత్తింది. నేను దాని మెడకు వేలాడాను, రెండు చేతులతో చెవులు మూశాను, వద్దు తల్లీ అని బతిమాలాను. నాలుగు రోజులుగా నేలకు ఆనించని ఆ కాలిని ఎత్తి దించుతూ ఆడింది. ఎముక విరిగిన చప్పుడు అన్ని డప్పుల మోతలోనూ నాకు వినిపించింది. కాలు వేలాడుతున్నా అది ఇంకా ఆడబోయింది. దానికి నొప్పి తెలియడం లేదు.

గల్లీవాళ్లు కబురు పంపితే నాయిన, ఆయన వెనకే డాక్టరు వచ్చేసరికి అది పడిపోయి ఉంది. ఇక బాధ లేకుండా పంపించడమే మిగిలిందన్నాడు డాక్టరు.

"నొప్పికి ఏమైనా ఇచ్చారా?" అని అడిగాడు.

గడ్డిలో పడి ఉన్న సిరంజిని నాయిన చూశాడు. నా వైపు చూడలేదు.

"నేనే ఇచ్చిన సారూ. దాని బాధ సూడలేకపోయిన."

"చదువురాని వాళ్లకు ఎంత చెప్పినా ఇంతేనండీ," అన్నాడు డాక్టరు.

నాయిన తల వంచుకుని విన్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.